పేరు పెట్టి పిలవాలి

"ఆంటీ కాదు నాన్నా. ఇంద్రాణీ అని పిలువు."

జశ్వంత్ తల్లి వంక చూశాడు. ఎనిమిదేళ్లవాడు యాభై దాటినావిడని పేరు పెట్టి పిలవడమా? సుభాషిణికీ అది వింతగానే తోచింది. ఢిల్లీలో పాలబూత్ క్యూలో నిలబడే ఆవిడ నుంచి పై అంతస్తు ఆఫీసరుగారి భార్య దాకా అందరూ ఆంటీలే. ఈవిడకేమో ఆ పిలుపు గిట్టదు.

"పిలిస్తేనే అన్నం," అంది ఆవిడ స్టీలు క్యారియర్ మూత తీస్తూ.

"ఇంద్రాణీ," అన్నాడు వాడు సిగ్గుపడుతూ.

ఆ పిలుపు చెవిన పడ్డాకే ఆవిడ ముద్ద కలిపింది.

అది తొంభై నాలుగు వేసవి. ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రి, పిల్లల క్యాన్సరు వార్డు. సుభాషిణి భర్త రఘునందన్ ఫరీదాబాద్‌లో ఓ ఫ్యాక్టరీలో పెయింటరు. కొడుక్కి రక్తంలో జబ్బని తేలి మూడు వారాలైంది. మందు ఎక్కించడం మొదలెట్టాక వాడు ఏం పెట్టినా కక్కేస్తున్నాడు. అలాంటివాడు ఆ ఆదివారం ఆరు ముద్దలు పెరుగన్నం తిన్నాడు. సుభాషిణి ఆ ముద్దలు లెక్కపెడుతూనే కూర్చుంది.

"పోపు వెయ్యలేదమ్మా. మందు పడ్డ పిల్లలకి ఆ వాసన గిట్టదు. చల్లగా, చప్పగా ఉండాలి."

"మీకెలా తెలుసు ఇంద్రాణిగారూ?"

"గారూ గీరూ వద్దు, వట్టి పేరు చాలు. ఇక్కడే నేర్చుకున్నాను, ఆ మంచం దగ్గర." కిటికీ పక్కనున్న పదకొండో నంబరు మంచం చూపించింది.

పెద్దవాళ్ల కోసం వేరే గిన్నెలో చారు తెచ్చింది. అది నోట్లో పడగానే సుభాషిణికి బాపట్లలో పుట్టిల్లు గుర్తొచ్చింది. కుంపటి మీద మరుగుతున్న చారు, పక్కన విసనకర్రతో అమ్మ, 'ముందు చేతులు కడుక్కోవే' అన్న కేక. నాలుగేళ్లయింది ఆ వాసన చూసి. కళ్లు తుడుచుకుంటే ఆవిడ ఇంకో గరిటె పోసింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు బాపట్ల సముద్రం గొప్పదా, కాకినాడ సముద్రం గొప్పదా అని వాదించుకున్నారు.

ప్రతి ఆదివారం ఆవిడ వెనకే సంచులు మోసుకుంటూ భర్త శేషగిరి వచ్చేవాడు. ఆయన సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. వాళ్లు గుమ్మంలో కనబడితే చాలు, బిహారు పిల్లలూ హర్యానా పిల్లలూ కూడా "ఇంద్రాణీ, ఇంద్రాణీ" అని అందుకునేవారు. ఆయన చప్పున కిటికీ వైపు తిరిగిపోయేవాడు. తను 'ఏమోయ్' తప్ప మరో పిలుపు ఎరగడు. పెళ్లాన్ని ఊళ్లో పిల్లలంతా పేరు పెట్టి పిలుస్తుంటే ఏ మొగుడికి నచ్చుతుంది, అనుకునేది సుభాషిణి.

వానలు పడి వెనకబట్టాయి. జశ్వంత్‌కి ఊడిన జుట్టు నూగులా మళ్లీ మొలిచింది. వాడిప్పుడు ఆవిడ దగ్గర అష్టాచెమ్మా ఆడి, దొంగ పందేలు కూడా వేస్తున్నాడు.

"ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు," అంది ఆవిడ ఓ ఆదివారం. "సరోజినీనగర్ క్వార్టరు ఖాళీ చేసి కాకినాడ వెళ్లిపోతున్నాం."

"మరి ఇక్కడ అన్నాలు?"

"అదే నా బెంగ. పదేళ్లలో ఒక్క ఆదివారం మానలేదు. నువ్వు సాగిస్తావా?"

"అంతకన్నానా? ఇంకో నలుగురు తల్లులున్నారు. వంతులేసుకుంటాం."

ఆవిడ సుభాషిణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిల్లలు ఇంద్రాణీ అని పిలిచాకే ముద్ద పెట్టాలి. కొత్తగా వచ్చేవాళ్లకీ చెప్పాలి. పేరు పోకూడదమ్మా. నాకింకేమీ వద్దు."

సుభాషిణి మనసు చివుక్కుమంది. కుడిచేత్తో పెట్టింది ఎడమచేతికి తెలియకూడదంటారు, ఇంత మంచావిడకీ పేరు పిచ్చి తప్పలేదు కదా అనుకుంది. ఆ వెంటనే సిగ్గుపడింది. తన బిడ్డ నోట్లోకి ముద్ద దించిన చెయ్యి అది. ఆ మాత్రం కోరిక తీర్చలేదా తను?

ఆఖరి ఆదివారానికి అంతా సిద్ధం చేశారు. వార్డు సిస్టరు అన్నమ్మ, పాత మంచాలు పడేసి ఉంచిన మూలగది ఖాళీ చేయించింది. భోజనాలూ ఆటలూ ఇక అక్కడే. రఘునందన్ బోర్డు రాసి ఫరీదాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆకుపచ్చ రంగు మీద తెల్లక్షరాలు, పైన తెలుగులో, కింద హిందీలో: 'శ్రీమతి ఇంద్రాణి గది.'

వార్డులో గోడకి ఆనించిన బోర్డు ముందు ఆవిడ నిలబడి ఒక్కో అక్షరం వేలితో దిద్దింది. శేషగిరి కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"ఎంత చక్కగా రాశావు బాబూ. ఒక్క మాట చెరిపేస్తావా? ఆ శ్రీమతి."

రఘునందన్ తెల్లబోయాడు. "మర్యాదగా ఉంటుందని రాశానండీ. పెద్దవాళ్ల పేరు వట్టినే ఎలా రాస్తాం?"

"పేరు కావాలంటారు, పెద్దరికం వద్దంటారు. మీతో వేగడం కష్టమమ్మా," అని నవ్వింది అన్నమ్మ.

"పేరు పోకూడదని మీరే కదా అన్నారు?" అంది సుభాషిణి.

"పేరే ఉండాలమ్మా." ఆవిడ నడిచి వెళ్లి పదకొండో నంబరు మంచం ఇనపకమ్మీ పట్టుకుంది. "శ్రీమతి అని పెళ్లయినవాళ్లకి కదా రాస్తారు."

సుభాషిణి ఆవిడ మెడలో నల్లపూసల వంక చూసింది. శేషగిరి వంక చూసింది. ఆయన అప్పటికే కిటికీ వైపు తిరిగిపోయాడు.

"మా ఇంద్రాణికి తొమ్మిదేళ్లేనమ్మా."