చేతికందే ఎత్తు

"సీలింగు దాకా కబోర్డులు పెట్టన్నా. ఒక్క డబ్బా నేల మీద కనిపించొద్దు," అన్నాడు దేవిదాస్. బాన్సువాడలోని ఆ మాడ్యులర్ కిచెన్ షాపులోకి వచ్చినప్పటి నుంచీ అతడిది అదే మాట.

"పైన వద్దు. కింద పెట్టిద్దాం," అంది భార్య ప్రేమల.

దేవిదాస్ షాపతని వైపు తిరిగి నవ్వాడు. "చూసినవా? ఏడాది సంది మా ఇంట్ల ఉప్పు, పప్పు, చింతపండు అన్నీ నేల మీదనే. ఆఖరికి దేవుని పటాలు గూడ దించి పీట మీద పెట్టింది. నేనే తిట్టి మళ్ల పైకెక్కించిన. గంత బద్ధకం."

ప్రేమల రంగుల పలకలు తిప్పుతూ కూర్చుంది.

షాపతను టేపు తీశాడు. "వంట చేసేటోళ్ల చెయ్యిని బట్టి ఎత్తు పెడతం. అక్కా, ఒకసారి చెయ్యి పైకి లేపుండ్రి."

ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది.

"కుడి చెయ్యి అక్కా."

కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టి ఇంకాస్త నెట్టబోయి, పెదవి కొరుక్కుని దించేసింది.

దేవిదాస్ నవ్వు ఆగింది. "ఎప్పటి సంది గిట్ల? నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. బామ్ రాసుకొమ్మన్నవు."

"ఎత్తు ఎంత రాసుకోవాలన్నా?" అని షాపతను అడుగుతున్నాడు.

దేవిదాస్‌కు ఇంట్లోని స్టూలు గుర్తొచ్చింది. పటాలు పైకెక్కించినప్పటి నుంచి ప్రేమల రోజూ దానిమీదికెక్కి దీపం పెడుతోంది. నిన్న పొద్దున, కాలికడ్డం వస్తోందని దాన్ని అటక మీద పడేసింది అతడే.