పిలవని ప్రోగ్రాములు

“కంప్యూటర్ ముందే కూర్చున్నారా మేడమ్?” అన్నాడు ఫోన్లో కుర్రాడు. కంప్యూటర్ సర్వీసు నుంచి మాట్లాడుతున్నానన్నాడు.

“పొద్దుటినుంచీ దాని ముందే ఉన్నాను బాబూ. దానికే ఇంకా నిద్రమత్తు వదల్లేదు,” అంది మామ్మ.

మామ్మ ఒక వారపత్రికకు గళ్ళనుడికట్టు తయారుచేస్తుంది. పత్రిక ఆఫీసులో ఆమెను ‘అడ్డం-నిలువు మామ్మ’ అంటారు. ఈ వారం గళ్ళు సాయంత్రంలోగా పంపాలి. ఇన్నేళ్ళలో ఒక్క వారం కూడా తప్పలేదు. ఈసారి తప్పితే ఆ చోట్లో తలనూనె ప్రకటన వేసేస్తానని ఎడిటర్ కచ్చితంగా చెప్పేశాడు. తన గళ్ళు ఉండాల్సిన చోట నూనె సీసాను ఊహించుకుంటేనే మామ్మకు ఒళ్ళు మండుతోంది.

కంప్యూటర్‌కి ఆ బాధేమీ లేదు. స్విచ్ వేసి, బాల్కనీలో కుండీలకు నీళ్ళు పోసి, ఉతికిన బట్టలు మడతపెట్టి వచ్చినా తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి లేచింది గానీ, గళ్ళ ఫైలు మీద నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

“అప్‌డేట్లు ఆగిపోయాయి మేడమ్. నేనొక చిన్న ప్రోగ్రామ్ పంపిస్తాను. అది వేసుకుంటే మిగతాదంతా ఇక్కడినుంచే నేను చూసుకుంటాను.”

“ఉన్నవాటినే మొయ్యలేక చస్తోంది. ఇంకోటి ఎక్కడ ఎక్కించను? ముందు దీన్ని కాస్త తేలికచెయ్యి నాయనా. నా రాతలూ, బ్యాంకు పనులూ అన్నీ ఇందులోనే.”

“సరేనమ్మా. నిదానంగా చేద్దాం. నేనున్నాగా,” అన్నాడు. అంతవరకూ మేడమ్ అన్నవాడు అమ్మా అన్నాడు.

“కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. మూడూ కలిపి నొక్కండి. ఇప్పుడు స్టార్టప్ అని ఉన్నచోట నొక్కండి. కంప్యూటర్ లేవగానే దాంతోపాటు లేచి కూర్చునేవన్నీ అక్కడ కనిపిస్తాయి.”

మామ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. వాతావరణం చెప్పేదొకటి. పాటలు పాడేవి రెండు. ఎప్పుడో పారేసిన కెమెరా తాలూకుది ఒకటి. కోడలు సరదాపడి ఒక్కరోజు ఆడి వదిలేసిన చేపల ఆట.

“పిలవని పేరంటానికి ఇంతమందా?” అంది.

“అక్కర్లేనిదాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి, డిసేబుల్ అనండమ్మా. అది పోదు. మీరు తెరిచినప్పుడే లేస్తుంది.”

“అంటే పొమ్మనడం కాదు. పిలిచినప్పుడు రమ్మనడం.”

“అంతేనమ్మా.”

మామ్మ ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది.

“ఇది వైరస్‌లు రాకుండా చూసేది. దీన్నీ ఆపమంటావా?”

“ఆపెయ్యండమ్మా. అన్నిటికన్నా అదే బరువు.”

“ఉండనీలే బాబూ. గేటు దగ్గర కాపలావాణ్ణి పంపేసి ఎవరైనా ఇల్లు ఊడ్చుకుంటారా?”

కుర్రాడు మాట మార్చాడు. అప్‌డేట్లకు వచ్చారు. సెట్టింగ్స్ తెరిపించాడు. ఆగిపోయినవి చాంతాడంత ఉన్నాయి.

“అది అడిగినప్పుడల్లా ‘తర్వాత గుర్తుచేయి’ అని నొక్కేదాన్ని,” అంది మామ్మ.

“ఎన్నాళ్ళనుంచమ్మా?”

“కొన్నప్పటినుంచి.”

అవతల నిట్టూర్పు వినిపించింది. అప్‌డేట్లు దిగడం మొదలైంది. అంకె నత్తతో పందెం కట్టినట్టు కదులుతోంది.

“ఖాళీగా కూర్చోవడమెందుకు? నిలువు, మూడక్షరాలు. తొందరపడనివాడి ఆస్తి.”

“నాకవన్నీ రావమ్మా,” అన్నాడు. కాసేపాగి, “ఓపిక,” అన్నాడు.

“శభాష్. అడ్డం, రెండక్షరాలు. అందరినీ లోపలికి పంపుతుంది, తాను మాత్రం రాదు.”

“గడప.”

“రెండక్షరాలన్నాను నాయనా.”

అవతల గొణుక్కుంటూ లెక్కపెట్టుకోవడం వినిపించింది. పక్కనెవరో పిలిస్తే, “ఉండరా, గుమ్మమా కాదా చూసుకోనీ,” అని కసిరాడు. గుమ్మమే. ఆ తర్వాత మామ్మ అడగలేదు. అతనే అడిగించుకున్నాడు.

అప్‌డేట్లు అయ్యాయి. కంప్యూటర్ ఆగి, మళ్ళీ మొదలైంది. మామ్మ కుర్చీ వెనక్కి జరిపి కుండీల వైపు లేవబోయింది. లేచేలోపే తెర తయారు. గళ్ళ ఫైలు నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. ఒకసారి చదువుకుని ఎడిటర్‌కి పంపేసింది. ‘అందింది. తలనూనె వాయిదా,’ అని జవాబు కూడా వచ్చింది.

“అమ్మా, ఇప్పుడా ప్రోగ్రామ్ వేసుకుందామా?” అన్నాడు కుర్రాడు.

“ఇక దేనికి? లేడిపిల్లలా పరుగెడుతుంటే.”

“అది కాదమ్మా, అసలు పని...”

“అసలు పని అయిపోయింది నాయనా. నీది మంచి హస్తవాసి. చల్లగా ఉండు,” అని మామ్మ ఫోన్ పెట్టేసింది.

అది వెంటనే మళ్ళీ మోగింది. మామ్మ దాని నోరు నొక్కేసి, బోర్లా పడుకోబెట్టి, టీ పెట్టుకోవడానికి లేచింది.

సాయంత్రం కోడలు పళ్ళ క్లినిక్‌లో డ్యూటీ ముగించుకుని వచ్చింది. ఏదో చూసుకుందామని కంప్యూటర్ స్విచ్ వేసింది. భుజం మీది సంచి దించేలోగా అది సిద్ధంగా ఉంది. కోడలు తెర వైపు, అత్తగారి వైపు మార్చి మార్చి చూసింది.

“సర్వీసు సెంటర్ వాళ్ళు ఇన్నాళ్ళకి ఫోన్ ఎత్తారా అత్తయ్యా?”

“వాళ్ళెక్కడ ఎత్తుతారు? నేను చెయ్యడమే మానేశాను.”

“మరి దీన్నెవరు బాగుచేశారు?”

“పోయిన నెల నా బ్యాంకు పాస్‌వర్డు కొట్టేద్దామని ఫోన్ చేసిన దొంగ ప్రింటర్ ఒక్కటి బాగుచేసేసరికే విసుక్కున్నాడు గానీ, ఇవాళ్టి దొంగ భలే పనిమంతుడమ్మా,” అంది మామ్మ టీ కప్పు అందిస్తూ.