సైప్రస్ గవర్నర్ ముద్ర

"మళ్ళీ చెప్పండి ఆంటీ. అంకుల్‌ని షూట్ చేసినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?"

"వంటింట్లో. పప్పుకి పోపు పెట్టబోతున్నాను," అంది ఉమామహేశ్వరి.

డిటెక్టివ్ నిధి పొయ్యి దగ్గరికి వెళ్ళి మూత తీసింది. పోపు పడని పప్పు. పక్కన కడిగి బోర్లించిన ఇనప పోపు గరిటె. "మా అమ్మమ్మకి కూడా ఇలాంటిది ఉంది," అంది. ఇక్కడే అమెరికాలో, నోవైలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు తడబడుతుంది గానీ చూపు తడబడదు.

ఆ చూపు ఉమ చేతి మీద ఆగింది. చూపుడు వేలు నల్లగా కమిలి, గోరు ఊడిపోయి ఉంది.

"ఇది అంకుల్ చేశారా?"

ఉమ దాచలేదు. దాచి దాచి విసిగిపోయింది. భర్త చక్రధర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి జింకల వేట, రెండోది వెయ్యేళ్ళ నాటి బైజాంటైన్ సామ్రాజ్యపు సీసం ముద్రలు. ఆ రోజుల్లో ఉత్తరానికి దారం కట్టి, ఆ దారం మీద సీసం బిళ్ళ పెట్టి పట్టకారుతో నొక్కేవారట. చక్రధర్ అలాంటి పట్టకారు ఒకటి చేయించుకుని, తూటాలు పోసే అచ్చు పక్కనే మేకుకు తగిలించాడు. మొన్న పక్కింటామెతో మాట్లాడిందని ఉమ వేలు అందులో పెట్టి గోరు చిట్లేదాకా నొక్కాడు. అంతకు ముందు పక్కటెముక విరిచాడు. ఇంకా ముందు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి వినికిడి పోయింది.

"ఇది సైప్రస్ గవర్నర్ ముద్ర," అని అద్దాల బీరువాలోని ఒక బిళ్ళను మురిపెంగా చూపించేవాడు. "రాజధాని ఎక్కడో సముద్రం అవతల. ఇది పడకుండా దీవిలోంచి ఉత్తరం కదలదు. నీకు ఈ ఇల్లే దీవి."

ఆమె పాస్‌పోర్టు, ఫోను సేఫ్‌లో పెట్టేశాడు. సేఫ్ నంబరు ఎన్నడూ చెప్పలేదు.

ఇవాళ ఆ గవర్నరుగారు బేస్‌మెంట్‌లో వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీలో పిడికిలంత గాయం. గోడంతా నెత్తురు.

"ఫ్రాంక్‌గా చెప్తాను ఆంటీ. మా బాస్‌కి మీ మీదే డౌట్."

ఇన్నేళ్ళ చెరలోంచి బయటపడేది జైలుకేనా అనుకుంది ఉమ.

"గన్ అంకుల్‌దే," అంది నిధి. "గొట్టంలో మందు కూరి, సీసం తూటా వేసి కాల్చే పాత టైపు. మందు గరాజ్‌లో ఎవరికైనా దొరుకుతుంది. మరి తూటాలు?"

"నాకు అందనివ్వడమ్మా. తనే పోసుకుంటాడు. తూటాలైనా, సీసమైనా సేఫ్‌లోనే. తూటా లేని తుపాకీ ఒట్టి కర్రేగా అనేవాడు."

"అవును. సేఫ్ కంపెనీ వాళ్ళతో ఓపెన్ చేయించాం. హంటింగ్ సీజన్ అయ్యాక దాన్ని ఎవరూ తెరవలేదు, అందులోనే రికార్డ్ అయింది. అంటే ఆ తూటా మీది కాదు. కిల్లర్ బయటి నుంచి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఏమైనా పోయిందా?"

"సైప్రస్ గవర్నర్ ముద్ర కనబడటం లేదు."

నిధి తల ఊపింది. "దాని కోసమే వచ్చాడన్నమాట. ఆ సీల్ ఎవరి దగ్గర ఉందో వాళ్ళే కిల్లర్." కోటు జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఉమ చేతిలో పెట్టింది. "ఇది మీది. మీరు ఎక్కడికైనా వెళ్ళొచ్చు ఆంటీ."

ఉమ పాస్‌పోర్టును గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన ఏమీ లేదు.

నిధి బల్ల మీది ప్లాస్టిక్ సంచి తీసుకుంది. అందులో గోడలోంచి తవ్వి తీసిన తూటా, నలిగి వంకర్లు పోయి ఉంది.

"ఆ ముద్ర దొరుకుతుందంటావా?" అడిగింది ఉమ.

"దొరికేదాకా వెతుకుతాను," అని నిధి మంచులో కారెక్కి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఉమ ఇక వంటకు పనికిరాని పోపు గరిటెను చెత్తబుట్టలో పడేసింది.

నిధి పట్టుకెళ్ళిన తూటాయే గవర్నర్ ముద్ర.