వాణిజ్య మండలిలో చెప్పిన అబద్ధం

మేడమ్ గారూ,

ఈ కార్డులో నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. క్షమించండి. బడికి కొన్నేళ్ళే వెళ్ళాను. చేపల కొట్టు టాంగీ భార్యను, సోయిజిక్‌ని.

నాలుగేళ్ళ కిందట కొత్తగా పెట్టిన కొట్టును నమోదు చేయించడానికి మీ వాణిజ్య మండలి ఆఫీసుకు వచ్చాం. "మీ ఆవిడ కూడా కొట్లో పనిచేస్తారా?" అని మీరు ఆయన్ని అడిగారు.

"అబ్బే, మా మహారాణికి చేపల కంపు పడదండీ!" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

మీరు నావైపు తిరిగారు. "నిజమేనామ్మా? పనిచేసేటట్టయితే చెప్పండి, ఇప్పుడే రాస్తాను. రేపు ఏమైనా అయితే ఈ కాగితమే మీకు ఆధారం."

నా పేరు రాయిస్తే నెలనెలా ప్రభుత్వానికి అదనంగా కట్టాలని, పనిచేయనని చెప్పమని ఆయన దారిలోనే చెప్పాడు. ఆల్చిప్పలు తెరిచే కత్తితో కోసుకున్న వేళ్ళను సంచీ కింద దాచుకుని, "నిజమేనండీ" అన్నాను.

మొన్న సోమవారం తెల్లవారి వెళ్ళేసరికి కొట్టు తలుపుకు తాళం మార్చేసి ఉంది, నా తాళంచెవి పట్టలేదు. అద్దంలోంచి చూస్తే లోపల ఆయన పక్కన వేరొకామె చేపలు సర్దుతోంది. తలుపు కొడితే ఆయన తీశాడు.

"నాలుగేళ్ళు ఇక్కడే నిలబడి చేశాను కదా!" అన్నాను.

"ఎక్కడ రాసుంది?" అన్నాడు.

పాత తేదీ వేసి ఆ ఒక్క మాట మార్చగలరా, మేడమ్? అలా అడగడమే నేరమైతే జవాబు రాయకండి. ఈ కార్డు కాల్చేయండి.