మూడింటి ఎండ

"నా పేరు పెట్టి నా వయసు చెప్తుండు సారూ! ఇజ్జత్ పోతుంది!"

ఎల్‌బీ నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కిష్టమ్మే. ఫిర్యాదు వింటున్నది అసోసియేషన్ ప్రెసిడెంటు రామచంద్రం.

"ఎవలు?"

"అమల మేడం వాళ్ల నాయన. తెల్లారంగ మేడెక్కి, ఓ తెల్ల డబ్బాల తల పెట్టి 'కిష్టమ్మ ఇరవై ఎనిమిది' అంటుండు."

"నీకు యాభై దాటినయ్ గద. ఖుషీగ ఊకోరాదు?"

వయసు తగ్గించాడని పంచాయితీ పెట్టిన మనిషి భూమ్మీద కిష్టమ్మ ఒక్కతే!

భానుమూర్తిని పిలిపించారు. విశాఖ నుంచి కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి.

"కిష్టమ్మ కాదండీ, కనిష్ఠం! రోజు మొత్తంలో గాలి బాగా చల్లబడేది తెల్లారగట్లే. ఆ డబ్బా నేను తెచ్చి పెట్టుకున్నదే, లోపల థర్మామీటరు ఉంది. చూసి రాసుకుంటాను."

"మరి బాగా వేడి పన్నెండింటికే గద?" అన్నాడు రామచంద్రం.

"కాదండీ. మంట పెట్టగానే ఎసరు మరుగుతుందా? ముందు నేల కాగాలి, అది గాలిని కాచాలి. మూడు దాటుతుంది."

అందరూ నవ్వారు. డిగ్రీ చదవని కిష్టమ్మకు మాత్రం డిగ్రీలన్నీ ముఖానికే ఎక్కాయి.

ఆ సాయంత్రం ఊరికి బయల్దేరుతూ ఆయన గేటు దగ్గర ఆగాడు.

"చూడమ్మా, రోజూ మూడింటికి నేను డబ్బా చూడ్డానికి వచ్చేసరికి నువ్వు పాపని పైకి తెస్తున్నావు. అది రేకుల గది..."

కిష్టమ్మ కూతురు పల్లవి బాలింత. పాపకు పదిహేను రోజులు. మే నెల. నడినెత్తిన ఎండని మధ్యాహ్నం తల్లీపిల్లల్ని కింద పార్కింగులో పడుకోబెట్టి, పొద్దు వాలింది కదా అని మూడింటికి మేడ మీది గదికి చేర్చేది. బాలింతకు గాలి తగలకూడదని తలుపూ కిటికీ బిగించేది. పాపకు చెవుల దాకా గుడ్డ చుట్టేది.

"ముగ్గుర్ని కన్న. నాకు జెప్తవా సారూ?"

ఆయన నొచ్చుకోలేదు. సంచిలోంచి చిన్న థర్మామీటరు తీసి, మధ్యలో ఓ నల్లదారం కట్టి చేతిలో పెట్టాడు.

"గదిలో తగిలించు. ఎర్రగీత ఈ దారం దాటితే పాపని కిందికి తెచ్చెయ్యి. అంతే."

విసుక్కుంటూనే మేకుకు తగిలించింది కిష్టమ్మ.

మర్నాడు మూడున్నరకు కూతురికి టీ ఇద్దామని పైకెళ్లింది.

ఎర్రగీత దారం దాటి ఎక్కడికో పోయింది.

పల్లవి చెమటలో తడిసి నిద్రపోతోంది. పాప ఒళ్లు పెనం. ఏడవడం లేదు. రొమ్ము పట్టడం లేదు.

"పల్లవీ! లెవ్వే!"

గుడ్డలు విప్పేసి, పాపను ఎత్తుకుని నాలుగంతస్తులూ పరుగే. ఆటో. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల దవాఖాన.

గంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది.

"పాలు తాగుతోంది. ఇంకో గంట ఆ గదిలోనే ఉంచితే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని."

కిష్టమ్మ దిల్‌కు అప్పుడు దొరికింది సుఖం.

పాపను ఇంటికి తెచ్చిన రోజు నేరుగా అమల గుమ్మం ముందు నిలబడింది. వెనకే అపార్ట్‌మెంటు మొత్తం.

"నాయనకు ఫోన్ కలుపు మేడం. గంత పెద్దాయన మాట ఇననైతి. కాళ్లు మొక్కుదమంటే ఎల్లిపాయె."

"సైంటిస్టు సారును పట్టుకొని పంచాయితీ పెట్టినం," రామచంద్రం తల గోక్కున్నాడు.

అమల నవ్వింది.

"అందరూ అలాగే పొరబడతారు అంకుల్. లోపల సార్లు అంకెలు చదువుతుంటే బయట నిలబడి నేర్చుకున్నారు. వాతావరణ ఆఫీసు గేటు దగ్గర ముప్పయ్యేళ్లు, మన కిష్టమ్మలాగే, నాన్న వాచ్‌మన్."