తూఫాన్ ఈసారీ రాలేదు

నరసరాజు హెల్మెట్ పెట్టుకునే ఉప్మా తింటున్నాడు.

"అది తీసి తినొచ్చు కదండీ" అంది భార్య కామాక్షి.

"తల అలవాటు పడాలి కామాక్షీ. రేపు బండి వచ్చాక ఇబ్బంది పడకూడదు."

"బండి వచ్చేలోగా హెల్మెట్ అరిగిపోయేట్టుంది."

ఆ మాట నరసరాజుకు గుచ్చుకుంది. నిజమే మరి. తూఫాన్ మోటార్ సైకిల్ బుక్ చేసి ఏడాది దాటిపోయింది.

ఆ బండి మీద మోజు ఈనాటిది కాదు. తణుకులో చదువుకునే రోజుల్లో కాలేజీ లెక్చరరు ఒకాయన తూఫాన్ మీద వచ్చేవాడు. వీధి మలుపు తిరగకముందే దాని చప్పుడు వినిపించేది. క్లాసులో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. తీరా నరసరాజుకు కొనుక్కునే స్తోమత వచ్చేసరికి ఆ కంపెనీయే మూతపడింది. ఇన్నేళ్లకు ఎవరో ఆ పేరు కొనుక్కుని, కొత్త ఫ్యాక్టరీ పెట్టి, మళ్లీ తూఫాన్‌లు తయారు చేస్తున్నారు. కార్ఖానా ఏరియాలో షోరూము తెరిచారని తెలిసిన రోజే నరసరాజు పరుగెత్తాడు.

అక్కడి మేనేజరు కాలేబు విజిటింగ్ కార్డు అందుకుని చదివాడు. తలెత్తి నరసరాజు ముఖం చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. వెంటనే కూల్ డ్రింక్ తెప్పించాడు.

"ఈ సార్ పని ఏమున్నా నేనే చూసుకుంటా. ఇంకెవ్వరు ముట్టుకోవద్దు" అని స్టాఫ్‌కు గట్టిగా చెప్పాడు.

మనిషి విలువ తెలిసిన కుర్రాడు అనుకున్నాడు నరసరాజు.

"మూడు నెలల్ల బండి మీ ఇంటి ముంగట ఉంటది సార్" అన్నాడు కాలేబు.

నరసరాజు తోలు జాకెట్ కొన్నాడు. గ్లవ్స్ కొన్నాడు. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు కొన్నాడు. తిరుమలగిరిలో పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్లందరికీ పేరుపేరునా చెప్పాడు.

మూడు నెలలయ్యాయి. బండి రాలేదు.

"వానలు సార్" అన్నాడు కాలేబు. "పని మొత్తం ఆగిపోయింది."

ఫ్యాక్టరీకి పైకప్పు ఉండదా అన్న అనుమానం నరసరాజుకు ఇంటికొచ్చాక గానీ రాలేదు.

ఆ తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. లేబరంతా ఓట్లెయ్యడానికి ఊళ్లకు పోయారట. వాళ్లు తిరిగొచ్చేసరికి ఇనుము ధర పెరిగింది. దాంతో బండి ధరా పెరిగింది. అది కట్టాక, క్లబ్ మెంబర్‌షిప్ అని ఇంకొంత కట్టమన్నారు.

"క్లబ్ ఎక్కడుందయ్యా?"

"వస్తది సార్. ముందుగాల బండ్లు రానియ్యుండ్రి."

మధ్యమధ్యలో వాట్సాప్‌కు ఫొటోలు వచ్చేవి. ఒకసారి ఒట్టి చక్రం. ఇంకోసారి పెట్రోలు ట్యాంకు. కింద 'పని జోరుగా నడుస్తున్నది సార్' అన్న మాట. నరసరాజు చక్రాన్ని పెద్దది చేసి భార్యకు చూపించాడు.

"ఇది మన బండిదేనాండీ?"

"మనదే!"

"పక్కింటివాళ్ల స్కూటీదిలా ఉంది."

రెండోసారి ధర పెంచినప్పుడు మాత్రం నరసరాజు ఊరుకోలేదు. "నేను బుక్ చేసినప్పటి రేటు కాదయ్యా ఇది!" అని నిలదీశాడు.

"సార్, మీరు గట్ల ఆలోచన చెయ్యొద్దు. ఇయ్యాల కొత్తగ కొనేటోళ్లకు ఇంకా ఎక్కువ పడ్తది. మీరు ముందుగాల కొన్నరు. ఎంత లాభంల ఉన్నరో చూడుండ్రి!"

వినడానికి చాలా సబబుగానే అనిపించింది. నరసరాజు ఆ లాభంతో ఇంటికొచ్చాడు. ఎంత వెతుక్కున్నా అది ఎక్కడుందో కనబడలేదు.

ఒకరోజు పొద్దున వాకింగ్‌లో ఉండగా వెనక నుంచి ఆ చప్పుడు వినిపించింది. నరసరాజు ఒళ్లు జలదరించింది. వెనక్కి తిరిగాడు. తళతళలాడే తూఫాన్ మీద వాకింగ్ మిత్రుడు సత్యదేవ్!

"మీరు చెప్పిన షోరూమేనండీ! పోయిన వారం బుక్ చేశాను, నిన్న ఇచ్చేశారు. చాలా థ్యాంక్స్!" అని చెయ్యూపి దూసుకుపోయాడు.

నరసరాజు ఇంటికెళ్లాడు. జాకెట్, గ్లవ్స్, బూట్లు, హెల్మెట్ అన్నీ తొడుక్కున్నాడు. ఆటో ఎక్కి కార్ఖానా పోనిమ్మన్నాడు.

ఆటో అతను అద్దంలో ఆయన్ని ఎగాదిగా చూశాడు. "బండి ఖరాబైందా సార్?"

నరసరాజు హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.

షోరూములో వరసగా తూఫాన్‌లు మెరిసిపోతున్నాయి. నరసరాజు తిన్నగా కాలేబు దగ్గరకెళ్లాడు.

"సత్యదేవ్‌కు వారంలో ఎలా ఇచ్చారు?"

"ఆయనది ఫేజ్ టూ సార్. మీది ఫేజ్ వన్."

"అయితే నాదే ముందు రావాలి కదా!"

"వస్తది సార్. జెర ఓపిక పట్టాలె."

నరసరాజు హెల్మెట్ తీసి టేబుల్ మీద దడాలున కొట్టాడు.

"నువ్వు మనిషివేనా? డబ్బు ముందే గుంజుకుని, నెలకో అబద్ధం చెప్పి, పైగా రేటు పెంచుతావా? నమ్ముకుని వచ్చినవాడి ఉసురు తగలదా నీకు? రాత్రిళ్లు నిద్రెలా పడుతుందయ్యా?"

కొనడానికి వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు.

కాలేబుకు కోపం రాలేదు. నరసరాజుకు కుర్చీ జరిపాడు. మంచినీళ్లు ఇచ్చాడు. ఆయన తాగేదాకా ఆగి, సొరుగులోంచి కొత్త తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టాడు. దానిమీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"మీ బండి ఎప్పుడో వచ్చింది సార్, లోపల గోడౌన్ల ఉంది" అన్నాడు మెల్లగా.

"మరి నేరేడ్‌మెట్‌ల మీరు కట్టే అపార్ట్‌మెంట్ల ఐదేండ్ల కింద నాకు అమ్మిన ఫ్లాటు ఎప్పుడిస్తరు సార్?"