ఖాళీలో నిండిన పేరు

మా వీధి వరదలో మునిగాక తొమ్మిదో ఏడు అది. నేను ఆఫీసు ఊడుస్తుంటే కంప్యూటర్ ముందున్న అమ్మాయి పిలిచింది.

“తాతా, ఒక పొడుగాటి ఆడపేరు చెప్పు. నా లైబ్రరీని పరీక్షించాలి.”

“లైబ్రరీ అంటున్నావు, పుస్తకం ఒక్కటీ లేదేం?”

“ఇది పుస్తకాలది కాదు తాతా, ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే కోడ్. వాక్యంలో ఖాళీ వదిలితే, అందులో పేరు నింపిపెడుతుంది.”

నాకు ఒక్క పేరే తోచింది, చెప్పాను. తెర మీద ఆ పేరు, దాని పక్కనే ‘గారూ, ఇంటికి చేరారా?’ అని వచ్చింది. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను.

“ఎవరు తాతా?”

“మా ఆవిడ. మా వీధి మునిగిన వరదలో పోయింది.”

“అయ్యో! తీసేస్తానుండు.”

“వద్దమ్మా, ఉండనీ. దాన్ని ‘గారూ’ అన్నవాళ్లు లేరు. నేనైతే ‘ఒసేయ్’ తప్ప పేరుపెట్టి పిలిచిందే లేదు.”

అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. “అయితే నమూనాగా ఇదే ఉంచేస్తా. దీన్ని వాడేవాళ్లంతా ముందు ఈ పేరే చూస్తారు.”

ముక్కూమొహం తెలియనివాళ్లు చదువుతారు. ముప్పయ్యేళ్లు పక్కనున్న నేను పిలవలేదు.

మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వెళ్లాను. ఆరిపోయిన తెర ముందు నిలబడి, పేరుకి ‘గారూ’ చేర్చి ఒకసారి పిలిచాను. తర్వాత చీపురందుకున్నాను.